పిండారీనా, మిలమ్‌నా? ముందు సెలవులు లెక్కపెట్టుకోండి

కేదార్‌కంఠ లాంటి రద్దీ ట్రెక్కింగ్ చోట్ల టెంట్ల వరసలు చూసి విసిగిపోయినవాళ్లను నేను ఉత్తరాఖండ్‌లోనే తూర్పు భాగమైన కుమావూన్ వైపు చూడమంటాను. అక్కడ జనం తక్కువగా ఉండే మంచి దారులు రెండున్నాయి: బాగేశ్వర్ జిల్లాలో పిండారీ హిమానీనదం, పిథోరాగఢ్ జిల్లాలో మిలమ్ హిమానీనదం. రెండింటికీ రైలు దిగేది కాఠ్‌గోదామ్‌లోనే. రెండూ మామూలుగా నడిచే మేరకు నాలుగు వేల మీటర్ల లోపే ఉంటాయి, తాళ్లు పట్టుకుని ఎక్కే పనిలేదు. అసలు తేడా మీ చేతిలో ఎన్ని రోజులున్నాయన్న దగ్గరే వస్తుంది.

వారమే సెలవుంటే పిండారీకి వెళ్లండి, ఇంక ఆలోచించొద్దు. ఢాకురీ, ఖాతీ, ద్వాలీ, ఫుర్కియా, ఇలా మజిలీ మజిలీకీ తలదాచుకునే చోటుంది, టెంటు మోయక్కర్లేదు, దారిలో చాలా భాగం అడవి నీడే. ఫుర్కియాలో మాత్రం బద్ధకించకండి, చీకటుండగానే బయల్దేరండి, ఎందుకంటే పొద్దెక్కేకొద్దీ మబ్బు కమ్మేస్తుంది, నందాఖాట్, ఛాంగుచ్ శిఖరాలు కనబడకుండానే వెనక్కి రావాల్సొస్తుంది. దారి ముగిసే జీరో పాయింట్ దగ్గర నేల అంచు విరిగి కిందకి జారిపోయి ఉంటుంది, ఫొటో కోసం ఇంకో రెండడుగులు ముందుకు వేయొద్దు.

నా మనసు మాత్రం మిలమ్ మీదే. మున్సియారి నుంచి గోరీ గంగ పక్కనే పైకి నడుస్తుంటే బుగ్డియార్ దాకా ఇరుకు లోయ, రిల్కోట్ దాటాక చెట్లు పోయి లోయ విచ్చుకుంటుంది, అక్కడి నుంచి మర్తోలీ, బుర్ఫూ, బిల్జూ అని వరసగా ఊళ్లు. టిబెట్‌తో ఉప్పు, ఉన్ని వ్యాపారం చేసిన శౌకా తెగవాళ్ల ఊళ్లివి. 1962 యుద్ధంతో ఆ వ్యాపారం ఆగిపోయింది, ఊళ్లు ఖాళీ అయ్యాయి. పైకప్పు కూలిన రాతి ఇంటికి చెక్కడపు పని చేసిన గుమ్మం ఒక్కటే నిలబడి ఉంటుంది, పక్కింట్లో వేసవికి పైకొచ్చిన కుటుంబం బంగాళాదుంపలు తవ్వుతుంటుంది. టిబెట్‌ను కాలినడకన కొలిచిన నైన్ సింగ్ రావత్ ఈ లోయవాడే. ఇదంతా పిండారీలో దొరకదు.

కానీ ఈ దారికి ప్రయాణానికీ నడకకూ పట్టే రోజులు కాక అదనంగా రెండు రోజులు చేతిలో పెట్టుకోకపోతే వెళ్లకండి, ఇది గట్టిగానే చెప్తున్నాను. కాఠ్‌గోదామ్ నుంచి మున్సియారి చేరడానికే రోజంతా పడుతుంది. సరిహద్దు ప్రాంతం కాబట్టి గుర్తింపు కార్డుతో అనుమతి తీసుకోవాలి, ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసుల) చెక్‌పోస్టులుంటాయి. మిలమ్‌కు రోడ్డు వేస్తున్నారు, కొండచరియలు పడినా రాళ్లు పేల్చినా దారి ఆగిపోతుంది. తిరుగు రైలు టికెట్టు గురించి టెన్షన్ పడుతూ నడిచే దారి కాదిది.

జులై, ఆగస్టుల్లో రెండూ వద్దు. మిలమ్‌కైతే సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో వెళ్లండి, అప్పటికి ఊళ్లలో మనుషులు ఇంకా ఉంటారు. చలి ముదిరేసరికి వాళ్లు కిందకి దిగిపోతారు, ఆ తర్వాత వెళ్తే తిండి, టెంటు అన్నీ మీరే మోయించుకోవాలి.