ముచ్చటకు పెంచే కోళ్లకు లసోటా టీకా: వంద డోసుల సీసా ఎలా ఉంది?

సిల్కీ, బాంటమ్ లాంటి ముచ్చట జాతి కోళ్లు ఐదారు పెంచుకునే ఇంట్లోకి కొక్కెర తెగులు వచ్చిందంటే వారం తిరిగేసరికి గూడు ఖాళీ అవుతుంది. పచ్చటి విరేచనాలు, గురక, మెడ మెలిక మొదలయ్యాక చేసే వైద్యం లేదు. ముందే వేసే టీకాల్లో తేలిగ్గా దొరికేది లసోటా. మందుగా దీనికి వంక పెట్టలేం. ఇబ్బందల్లా సీసా సైజుతోనే.

చిన్నదనుకున్న సీసాలోనే వంద డోసులు. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. మిగిలింది ఫ్రిజ్‌లో దాచి మర్నాడు వేస్తే వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. కాబట్టి కోళ్లున్న నాలుగిళ్లవాళ్లు ఒకే రోజు, ఎండెక్కకముందే వేసుకోవడం మేలు. షాపులో సీసా ఫ్రిజ్‌లోంచే తీస్తున్నారో లేదో చూడండి. 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాలి. బల్ల మీద పెట్టిన సీసా తీసుకోవద్దు. ఐసు వేసిన ఫ్లాస్కులో ఇంటికి తెచ్చుకోండి.

సీసా అడుగున తెల్లటి బిళ్ల ఉంటుంది, ఎండబెట్టిన టీకా అదే. ద్రావకం (టీకాను కరిగించే ద్రవం) నింపిన సిరంజి సూదిని రబ్బరు మూతలో గుచ్చగానే సీసా దాన్ని తనే లోపలికి లాక్కోవాలి. లాక్కోకపోతే లోపలికి గాలి చేరిందన్నమాట, ఆ సీసాను నమ్మొద్దు. గట్టిగా ఊపకుండా మెల్లగా తిప్పితే బిళ్ల కరిగిపోతుంది. సిరంజి, డ్రాపర్ మరిగించి చల్లార్చినవై ఉండాలి. డెట్టాల్, స్పిరిట్ తగిలితే టీకాలోని బతికున్న వైరస్ చస్తుంది.

ఎక్కువమంది తప్పేది చుక్కల లెక్కలో. ముందు మామూలు నీళ్లతో మీ డ్రాపర్‌లో ఒక మి.లీ.కి ఎన్ని చుక్కలు పడుతున్నాయో లెక్కపెట్టండి. 33 పడితే వంద డోసులకు 3 మి.లీ. ద్రావకం, 20 పడితే 5 మి.లీ. అంతకుమించి పోస్తే కోడికి డోసు చాలదు.

కోడి తలను పక్కకు వంచి కంట్లో ఒక్క చుక్క వేయండి. వేసిన వెంటనే వదలొద్దు, తల విదిలించి పారేస్తుంది. అది రెప్ప వాల్చి చుక్క కంట్లోకి ఇంకాకే వదలాలి. నీళ్లలో కలిపి పెట్టడం వందల కోళ్లున్నవాళ్లకు. కుళాయి నీళ్లలోని క్లోరిన్ టీకాను పాడుచేస్తుంది, పైగా ఏ కోడి ఎంత తాగిందో తెలీదు.

ఈ తెగులుకే ఎఫ్-1, ఆర్2బి అనే టీకాలూ ఉన్నాయి. కోడిపిల్లలకు 5-7 రోజుల్లో ఎఫ్-1, నాలుగో వారంలో లసోటా, 8 వారాలు దాటాక ఆర్2బి సూది 0.5 మి.లీ. ఆర్2బి ఘాటైన టీకా, చిన్న కోడిపిల్లలకు వేస్తే కాళ్లు పడిపోవచ్చు. లసోటా తర్వాత మూడు నాలుగు రోజులు తుమ్మినా కంగారుపడక్కర్లేదు. అప్పటికే నలతగా ఉన్న కోడికి మాత్రం వేయొద్దు. ఏలికపాములుంటే వారం ముందే మందు పట్టించండి.

చిలకలకు, లవ్ బర్డ్స్‌కు ఈ సీసా కొనొద్దు, ఇది కోళ్ల కోసం చేసింది.

వేసేటప్పుడు మీ కంట్లో చుక్క పడితే కళ్లకలక వస్తుంది, చేతులు సబ్బుతో కడుక్కునేదాకా కళ్లు నలపొద్దు. మిగిలిన మందును సీసాతో సహా నీళ్లలో మరిగించి పాతిపెట్టండి.