రెండోసారి చదివితేనే పూర్తిగా దొరికే అగాథా క్రిస్టీ

అగాథా క్రిస్టీ రాసిన ఒక డిటెక్టివ్ నవల అది, పేరు మాత్రం చెప్పను. ఇంకా చదవనివాళ్ల ఆనందం పాడుచేయడం నాకిష్టం లేదు. కథ జోరుగా సాగుతుండగా ఒక పాత్ర మరొకరిని పిలిచే పిలుపులో ఒక్క అక్షరం తేడా కనిపించింది. అచ్చుతప్పు అనుకున్నాను, ప్రూఫులు సరిగ్గా చూడలేదని కాస్త విసుక్కుని ముందుకు వెళ్లిపోయాను. ఆఖరి అధ్యాయం అయ్యాక గబగబా పేజీలు వెనక్కి తిప్పి ఆ చోటు వెతుక్కున్నాను. అచ్చు సరిగ్గానే ఉంది. పట్టపగలు నా కళ్ల ముందు పెట్టిన క్లూ అది.

అప్పటినుంచి ఇరవై ఏళ్లుగా క్రిస్టీని చదువుతూనే ఉన్నాను. ఆమె రాసిన 66 డిటెక్టివ్ నవలల్లో నలభై పైచిలుకు పూర్తిచేశాను. ఓ పదిహేను మళ్లీ మళ్లీ చదివాను. ఇన్నేళ్ల తర్వాత నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే: ఆమెను ఒక్కసారి చదివి వదిలేస్తే సగమే చదివినట్టు. మొదటిసారి హంతకుడెవరో తెలుసుకోవడానికి చదువుతాం. రెండోసారి, మనల్ని ఎలా మోసం చేసిందో చూడ్డానికి చదువుతాం. నాకు ఈ రెండోదే ఎక్కువ ఇష్టం.

నాకిది తెలిసొచ్చింది ఒక చేదు అనుభవం వల్ల. 1926లో వచ్చిన 'ద మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' మొదలుపెట్టి ముప్పై పేజీలైనా కాకముందే, తెలిసినవాళ్లొకరు హంతకుడి పేరు చెప్పేశారు. చాలా కోపం వచ్చింది, బాధ కూడా వేసింది. పుస్తకం పక్కన పడేసి, నెల తర్వాత మనసొప్పక మళ్లీ తీశాను. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ప్రతి వాక్యమూ నిజమే చెబుతోంది, ఏదీ అబద్ధం కాదు. కానీ రెండు వాక్యాల మధ్య ఏదో జరిగిపోతోంది. తెలియకుండా చదివి ఉంటే ఆ ఖాళీ నాకు కనబడేదే కాదు.

క్రిస్టీ మీద తరచూ వినిపించే ఫిర్యాదు, పాత్రల్లో జీవం ఉండదని. ఆ మాట అనేవాళ్లకు నేను 'ఫైవ్ లిటిల్ పిగ్స్' ఇస్తాను. పదహారేళ్ల క్రితం ఒక చిత్రకారుడు విషప్రయోగంతో చనిపోయాడు. భార్యే చంపిందని శిక్ష వేశారు, ఆమె జైల్లోనే పోయింది. ఇప్పుడు పెద్దదైన కూతురు, తన తల్లి నిర్దోషి అని తేల్చమంటూ డిటెక్టివ్ హెర్క్యూల్ పాయిరో దగ్గరికి వస్తుంది. ఇప్పుడు వెతకడానికి వేలిముద్రల్లేవు, శవం లేదు, ఆనాడు అక్కడ ఉన్న ఐదుగురి జ్ఞాపకాలు తప్ప ఏమీ లేవు. అదే గొడవ, అదే బీరు గ్లాసు, అదే రోజు, ఐదుగురి నోట ఐదు రకాలుగా వింటాం. ఎవరి ప్రేమ, ఎవరి పగ వాళ్ల జ్ఞాపకాన్ని ఎటు వంచిందో పోల్చుకుంటూ పోతే, పాత్రలు పలచన అన్న మాట ఈ పుస్తకం ముందు నిలబడదు. నాకు ఆమె రాసినవాటిలో ఇదే గొప్పది.

టెన్షన్ కావాలంటే మాత్రం 1939 నాటి 'అండ్ దెన్ దేర్ వర్ నన్' చదవాలి. ఒక దీవి, పదిమంది అపరిచితులు, భోజనాల బల్ల మీద పది చిన్న పింగాణీ బొమ్మలు. ఒక్కొక్కరు పోయినప్పుడల్లా ఒక్కో బొమ్మ తగ్గుతుంది. కేసు తేల్చే పాయిరో లాంటి డిటెక్టివ్ లేడు, ధైర్యం చెప్పేవాళ్లు లేరు. కొన్ని పేజీల తర్వాత పాత్రలకంటే ముందు నేనే బొమ్మలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

విషాల విషయంలో ఆమె మాట నమ్మొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండ్‌లోని టార్కీ అనే ఊళ్లో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసి నేర్చుకున్న జ్ఞానం అది. 1961 నాటి ఒక నవలలో (దీని పేరూ చెప్పను) థాలియం విషం లక్షణాలు ఎంత కచ్చితంగా రాసిందంటే, 1977లో లండన్‌లో డాక్టర్లకు అంతుపట్టని ఒక పసిబిడ్డ జబ్బును, ఆ పుస్తకం చదువుతున్న నర్సు పోల్చుకుంది. అప్పటికి క్రిస్టీ చనిపోయి ఏడాది దాటింది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

లోపాలు లేవని చెప్పను. గూఢచారుల కథలు ఆమె చేతికి లొంగలేదు. 1927 నాటి 'ద బిగ్ ఫోర్' అతికించిన ముక్కల్లా ఉంటుంది, 1970 నాటి 'పాసెంజర్ టు ఫ్రాంక్‌ఫర్ట్' సగంలో ఆపేశాను. ఆఖరి రోజుల్లో రాసిన 'పోస్టర్న్ ఆఫ్ ఫేట్'లో మాటలే తప్ప కథ కదలదు. అంతకంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. పాత నవలల్లో యూదుల గురించి, విదేశీయుల గురించి చులకనగా రాసిన వాక్యాలు. పనిమనుషులను దాదాపు ఎప్పుడూ తెలివితక్కువవాళ్లుగానే చూపిస్తుంది. కాలం అలాంటిదని సరిపెట్టుకోమంటారు కొందరు. నేను సరిపెట్టుకోలేను. అక్కడికి వచ్చినప్పుడల్లా ముల్లులా గుచ్చుకుంటుంది.

క్రిస్టీ సృష్టించిన మరో డిటెక్టివ్ మిస్ మార్పల్ సంగతికొస్తే, పాయిరో అభిమానులు ఆమెను తక్కువ చేస్తారు కానీ నాకు ఆమె పద్ధతి దగ్గరగా అనిపిస్తుంది. ఊళ్లో ఎవరో ఒకరి ప్రవర్తన గుర్తుకు తెచ్చుకుని, దాంతో హంతకుడి మనసు పట్టేస్తుంది. ఊరి ముసలమ్మ అని అందరూ ఆమె ముందు నోరు జారతారు. అదే ఆమె బలం.

కొత్తవాళ్లు 'అండ్ దెన్ దేర్ వర్ నన్'తో మొదలుపెట్టి, తర్వాత 'ఫైవ్ లిటిల్ పిగ్స్' చదవండి. 'ఆక్రాయిడ్' వంతు వచ్చేదాకా దాని గురించి ఎవరితోనూ మాట్లాడకండి. 'కర్టెన్' మాత్రం అన్నిటికంటే చివర్లో. రెండో ప్రపంచ యుద్ధ సమయంలోనే రాసి దాచిపెట్టిన ఆ నవల, పాయిరో ఆఖరి కథ, 1975లో బయటికొచ్చింది. పాయిరో మరణవార్తను న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసింది. రెండోసారి చదవాలని ఇంతగా చెప్పే నేను, ఆ ఒక్క పుస్తకం మళ్లీ తెరవలేకపోయాను. రెండు సార్లు చేతిలోకి తీసుకున్నాను, మొదటి పేజీ దాటలేదు.