ఎర్ర మూత సిరంజి అడిగితే నారింజ మూతది ఇస్తున్నారు, చూసుకోండి

ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఒకసారి ఫ్రిజ్ తలుపు తీసి సీసా మీద ఏం రాసుందో చదవండి. ఆ తర్వాత సిరంజి మూత రంగు చూడండి. 40 ఐయూ (అంటే మి.లీ.కి 40 యూనిట్ల మందు) సీసాకి ఎర్ర మూత, 100 ఐయూ సీసాకి నారింజ మూత. మెడికల్ షాపులో "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అని ఊరుకుంటే చేతికందింది ఇచ్చేస్తున్నారు. అడిగితే "రెండూ ఒకటేనండీ" అంటారు. ఒకటి కాదు.

మన షాపుల్లో మామూలుగా దొరికే ఇన్సులిన్ సీసా 10 మి.లీ.ది. మి.లీ.కి 40 చొప్పున మొత్తం 400 యూనిట్లు. ఎర్ర మూత సిరంజి గీతలు దానికి సరిపడా గీసినవి. అదే మందుని నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ., అంటే 8 యూనిట్లే. షుగర్ దిగదు, తిండి మీద నింద పడుతుంది.

తిరగబడితే ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ పెన్ను పాడైందని, అందులో పెట్టే మందు గొట్టం, అదే కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగారనుకోండి, అది అర మి.లీ. కార్ట్రిడ్జ్‌లో మి.లీ.కి 100 యూనిట్లు కాబట్టి ఒంట్లోకి పోయేది 50. చెమటలు, వణుకు, మాట తడబాటు మొదలవుతాయి. తెలివిలో ఉంటే 15 గ్రాముల గ్లూకోజో మూడు చెంచాల పంచదారో నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్ళీ షుగర్ చూడాలి. ఇంత ఎక్కువ పడినప్పుడు ఒకసారి పెరిగినా మళ్ళీ పడిపోతుంది, ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. అసలు కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో మందు లాగకూడదు.

అమెరికా నుంచి పిల్లలు సూట్‌కేసులో తెచ్చిన సిరంజీలతోనూ ఇదే చిక్కు. అక్కడి సీసాలు 100వి, సిరంజీలూ వాటికి తగ్గవే. ఎర్ర మూత సిరంజి అక్కడ కుక్కలకీ పిల్లులకీ వాడేది!

ఇప్పుడు అసలు మెలిక. తప్పు సిరంజి వాడుతున్నామని తెలియగానే సరైనది కొనేసి పాత గీత దాకానే లాగేస్తారు. అలా చేయకండి. నారింజ మూత సిరంజితో షుగర్ దిగక డోసు పెంచుకుంటూ 40 గీతకి వచ్చినవాళ్ళకి నిజంగా పడుతున్నది 16 యూనిట్లే. ఎర్ర మూతతో అదే 40 గీత అంటే 40 యూనిట్లు, రెండున్నర రెట్లు. రెండు సిరంజీలూ సీసా కూడా పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించండి, కొత్త డోసు ఆయన రాసివ్వాలి. ఇంట్లో లెక్కలు కట్టి సర్దుకోవద్దు.

కొనేటప్పుడు ఇంకో రెండు మూడు చూసుకోండి. సూది ఊడివచ్చే 1 మి.లీ. సిరంజి అంటగడితే వద్దనండి. దాని మీద ఉండేవి మి.లీ. గీతలు, పైగా సూది మొదట్లో కొంత మందు ఉండిపోతుంది. కవరు విప్పి విడిగా తీసిచ్చిన సిరంజీలకి గడువు తేదీ, బ్యాచ్ నంబరు మీకు కనపడవు. ఇన్సులిన్ కూడా ఫ్రిజ్‌లోంచి తీసిస్తేనే తీసుకోండి, సొరుగులోంచి కాదు. రెంటచింతల, రామగుండం ఎండల సంగతి చెప్పక్కర్లేదు కదా. అలాగని ఐసు ముక్కల మధ్య పెట్టి తేవద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగా కనిపించినా పనికిరాదు.

పెన్ను సూదుల్లో 8 మి.మీ.వి చూపిస్తే 4 మి.మీ.వి అడగండి, లావుగా ఉన్న పెద్దవాళ్ళకి కూడా చాలు. పొడవు సూది కండలోకి దిగితే మందు తొందరగా పని చేసేసి షుగర్ పడిపోవచ్చు. సూది తొడగగానే 2 యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క వచ్చిందో లేదో చూడాలి. గుచ్చి బటన్ పూర్తిగా నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు బయటికి తీయాలి. వాడిన సూదిని పెన్నుకే వదిలేస్తే గాలి లోపలికి పోతుంది, మందు కారుతుంది. పెన్ను ఒకరికే. సూది మార్చినా ఇంకొకరికి ఇవ్వకూడదు, రక్తం వెనక్కి కార్ట్రిడ్జ్‌లోకి వచ్చే వీలుంది.

ఒక సూది ఒక్కసారికే. వాడేకొద్దీ మొన మొద్దుబారుతుంది, నొప్పి పెరుగుతుంది. ఎప్పుడూ ఒకేచోట గుచ్చితే చర్మం కింద గడ్డలు కడతాయి. అక్కడ నొప్పి తెలియదని చాలామంది అక్కడే గుచ్చుతుంటారు, కానీ గడ్డలోంచి మందు సరిగ్గా ఒంటికి పట్టదు. పొట్ట మీదైతే బొడ్డుకి రెండు వేళ్ళ దూరం వదిలి, ప్రతిసారీ ముందు గుచ్చిన చోటికి ఒక వేలెడు ఎడం ఇవ్వండి.

వాడిన సూదులు మందమైన ప్లాస్టిక్ డబ్బాలో, ఫినాయిల్ సీసా లాంటిదాంట్లో వేయండి. ముప్పాతిక నిండగానే మూత బిగించి టేపు చుట్టి, "సూదులు" అని పెద్దక్షరాలతో రాసి, తడి చెత్త, పొడి చెత్తలో కలపకుండా విడిగా చెప్పి ఇవ్వండి.