ఊరి చరిత్ర కోసం లైబ్రరీలు: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

అమ్మమ్మ వాళ్లది పేరాల. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టం పొమ్మని చీరాల, పేరాల జనం ఇళ్లు ఖాళీ చేసి, రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు కాపురం చేశారు కదా, ఆ పాకల్లో అమ్మమ్మ వాళ్ల అమ్మ కూడా ఉందని ఇంట్లో చెప్పుకునేవారు. నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు కావలసింది వేరు. మగ్గాలు ఎక్కడ పెట్టుకున్నారు, వానాకాలం ఎలా గడిచింది, నూలు ఎవరు అప్పిచ్చారు? అందుకోసం లైబ్రరీల చుట్టూ, వెబ్‌సైట్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఇలా సొంతూరి చరిత్ర వెతుక్కునేవాళ్లు ఈమధ్య పెరిగారు కాబట్టి నా అభిప్రాయం రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను: సరుకుకు కొదవ లేదు. ఫలానాది మా దగ్గర ఉందని ఊళ్లోవాళ్లకు తెలియజెయ్యడంలోనే మన లైబ్రరీలు బాగా వెనకబడ్డాయి.

నేను ఎక్కువగా వాడింది వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో వి.వి. శ్రేష్ఠి గారు, ఆయన తోటివాళ్లు మొదలుపెట్టిన లైబ్రరీ ఇది. జీడిపప్పు కొనుక్కోవడానికి వేటపాలెం వెళ్లేవాళ్లలో చాలామంది దాని ముందు నుంచే వెళ్లిపోతారు, లోపల ఏముందో తెలియదు. గాంధీజీ చేతికర్ర ఉందని చెబితే ఆగుతారు. నా వరకు ఆ కర్ర కంటే పాత పత్రికల బైండ్లు గొప్పవి. మెల్లగా విప్పాలి, అంచులు రవ్వలు రవ్వలుగా బల్ల మీద రాలతాయి. ఆంధ్రపత్రికలో ఒక కాలమ్‌లో ఊళ్ల నుంచి వచ్చిన వార్తలు, పక్కన అమృతాంజనం ప్రకటన. రెండూ కాశీనాథుని నాగేశ్వరరావు గారివే కదా! తలనొప్పి వార్తా, దానికి మందూ ఒకే పేజీలో అన్నమాట. పెద్ద వార్తలు అందరూ ఎత్తి రాసేశారు, వాటితో నాకు పనిలేదు. 'మా ఊరి చెరువుకు గండి పడింది', 'మా బడికి పంతులు లేడు' అని ఎవరో రాసి పంపిన నాలుగు లైన్లు చూడండి, ఊరి చరిత్రంతా అక్కడే ఉంటుంది. అవి ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

వెతికేటప్పుడు అసలు చిక్కు జిల్లాతో వస్తుంది. చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, అది 2022లో ఏర్పడింది. అంతకుముందు ప్రకాశం, అది 1970 నాటిది. దానికి ముందు గుంటూరు. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో కాబట్టి ఇంకా వెనక్కి వెళ్తే మా ఊరి సంగతులు 1883లో గార్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్‌లో, అంటే జిల్లా వివరాల పుస్తకంలో, బాపట్ల తాలూకా కింద చూసుకోవాలి. (కైఫీయతులు, అంటే ఊళ్ల వివరాల రాతప్రతులు, సేకరించిన కాలిన్ మెకంజీ వేరే ఆయన. నేను చూసిన ఒక కేటలాగులో ఇద్దర్నీ ఒక్కరిని చేసి పెట్టారు.) కొత్తగా వచ్చినవాడు బాపట్ల జిల్లా అని అడిగితే 'ఏమీ లేవండీ' అనే జవాబే వస్తుంది. ఊరి పేరుతో కార్డులు రాసి, పక్కన పాత తాలూకా, పాత జిల్లా వేస్తే సగం బాధ తీరుతుంది. దానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

కైఫీయతుల దగ్గర కొంత మేలు జరిగింది. కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు 200 ఏళ్ల కిందట ఊరూరా రాయించిన వివరాలవి. పొలిమేరలు, గుళ్లు, చెరువులు, మాన్యాలు, ఎవరి ఏలుబడిలో ఏం జరిగిందో కరణాలు చెప్పినవి. అవి పాడైపోతుంటే సి.పి. బ్రౌన్ మళ్లీ నకళ్లు రాయించారు. బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలోనే లేచిన కడప బ్రౌన్ గ్రంథాలయం, కడప ప్రాంతపు కైఫీయతుల్ని సంపుటాలుగా అచ్చువేసింది. నన్నడిగితే స్థానిక చరిత్రను పంచడం అంటే ఇదీ. రాతప్రతిని బీరువాలో భద్రంగా పెట్టి, అందులో విషయాన్ని మామూలు మనిషి కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్లేలా చేశారు. కడపవాళ్లను చూస్తే నాకు కాస్త కుళ్లు.

ఇక ఆన్‌లైన్. పాత పత్రికలు, పుస్తకాలు స్కాన్ చేసి ఉచితంగా పెట్టినవాళ్లకు దణ్ణం పెట్టాలి. అమెరికాలో ఉన్న మా కజిన్ అర్ధరాత్రి కూర్చుని 1920ల నాటి పేజీలు చూసి నాకు వాట్సాప్‌లో పంపేవాడు. కానీ వాడకం మొదలుపెడితే ఓపిక పరీక్షే. ఒక పెద్ద డిజిటల్ లైబ్రరీలో పుస్తకం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టారు. దీర్ఘాలు, ఒత్తులు మార్చి మార్చి వెతకాలి. ఒక స్థలపురాణం వ్యవసాయం కింద కనిపించింది. స్కాన్‌లోనూ అంతే: బైండు మడతలో ఉన్న అక్షరాలు పోయాయి, ఒక పేజీ మీద బొటనవేలు. పత్రికల స్కాన్లు తేదీ తెలిస్తేనే పనికొస్తాయి, మాట కొట్టి వెతికే వీల్లేదు. పైగా సైటు ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు చెయ్యదో ఎవరూ చెప్పరు. ఇందులో నన్ను ఒడ్డున పడేసింది తెలుగు వికీపీడియావాళ్లు. ఆ స్కాన్ పుస్తకాలకు తెలుగులో పేరు, రచయిత, విషయం రాసి జాబితాలు చేశారు. జీతం లేకుండా చేశారు.

ప్రచారం మాటకొస్తే నాకు నిజంగా కోపం. నవంబర్ 14 నుంచి 20 దాకా ప్రతి ఏడాదీ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, క్విజ్, ముగ్గులు, శాలువాలు. పిల్లలు వస్తారు, బహుమతి తీసుకుని వెళ్తారు. ఆ వారంలో ఒక్కరోజు ఆ ఊరి పాత పేపరు ఒక్కటి బయటపెట్టి చూపించగా నేను చూడలేదు. డబ్బుల్లేవంటారు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు మనమే కడుతున్నాం. అది స్థానిక సంస్థల నుంచి సరిగ్గా జమ కాదన్నది వేరే గొడవ, అందులో లైబ్రరీవాళ్ల తప్పు లేదు. కానీ 1935లోనే గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలవ వెంట ఊరూరా తిప్పారు. ఆయన దగ్గర మాత్రం ఎంత డబ్బుంది?

ఒక శాఖా గ్రంథాలయంలో మాత్రం ఒక మంచి పని చూశాను. అక్కడి లైబ్రేరియన్ మేడం ఆ ఊరి ప్రస్తావన ఉన్న పాత పత్రిక పేజీని పెద్ద సైజులో ప్రింట్ తీసి, గుమ్మం పక్కన నోటీసు బోర్డుకు అంటించేవారు. ఉద్యోగ ప్రకటనలు చూడ్డానికి వచ్చే కుర్రాళ్లు ముందు అదే చదివేవారు. ఒక పెద్దాయన అందులో పేరు చూసి, 'ఈయన మా పెదనాన్నేనమ్మా' అని మర్నాడు ఇంట్లోంచి పాత దస్తావేజులు సంచిలో పట్టుకొచ్చారు. అవి నకలు తీసుకుని ఆయనవి ఆయనకిచ్చేశారు మేడం. లైబ్రరీలో లేని కాగితం లైబ్రరీకి వచ్చింది. ఖర్చు ప్రింటుకు అయినంతే. ఆ మేడం బదిలీ అయ్యాక బోర్డు ఖాళీ.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు రెండు ముక్కలు. పాత పుస్తకాల్లో ఇంగ్లీషు సంవత్సరం ఉండకపోవచ్చు. 1921 ఉగాది నుంచి దుర్మతి, అంతకుముందు రౌద్రి అని గుర్తుపెట్టుకుంటే తేదీలు పట్టుకోవచ్చు. బయల్దేరేముందు లైబ్రరీకి ఫోన్ చేసి ఏ పత్రిక, ఏ ఏడాది కావాలో చెప్పండి. బీరువా తాళం ఉన్న మనిషి సెలవులో ఉంటే ఆ రోజు బస్సు చార్జీ దండగ. జిరాక్స్ మాత్రం అడక్కండి, పాత బైండును మిషన్ మీద బోర్లా నొక్కితే కుట్లు తెగిపోతాయి. ఫొటోకు అనుమతి అడిగి ఫోన్‌తో తీసుకుని, పత్రిక పేరు, తేదీ, పేజీ అప్పటికప్పుడే రాసుకోండి.