చర్చి నేటి మనిషికి దగ్గరవ్వాలంటే: రెండు దారులు

ఒక దారి 1975లో షికాగో దగ్గర మొదలైన విల్లో క్రీక్ చర్చిది. బ్యాండు, నాటికలు, సులువైన ప్రసంగం. ఎప్పుడూ చర్చి గడప తొక్కనివాళ్లకు అక్కడ బెరుకు పోయింది, అది చిన్న విషయం కాదు. కానీ కార్యక్రమాలు పెరిగినంతగా విశ్వాసం లోతు పెరగలేదని 2007లో ఆ చర్చి నాయకులే ఒప్పుకున్నారు.

రెండోది ఫ్రాన్స్‌లోని తేజే అనే పల్లెలో ఉన్న క్రైస్తవ సన్యాసుల సమాజానిది. 1940లో దాని స్థాపకుడు బ్రదర్ రోజర్ ఆ ఊరికి రావడంతో మొదలైన ఈ సమాజంలో హంగులేవీ లేవు. రోజుకు మూడుసార్లు ప్రార్థన, మళ్లీ మళ్లీ పాడే చిన్న పాటలు, మధ్యలో చాలాసేపు మౌనం. ప్రొటెస్టెంట్లు, క్యాథలిక్కులు పక్కపక్కనే కూర్చుంటారు. ఫోన్ల మోతలో పెరిగిన యువత వేలల్లో అక్కడికి వెళ్తోంది, గుడారాల్లో ఉంటూ, గిన్నెలు కూడా కడుగుతూ!

నాకైతే తేజే దారే నచ్చుతుంది. బ్యాండు పెట్టుకోలేని చిన్న సంఘం కూడా ఆదివారం అయిదు నిమిషాల మౌనం పాటించగలదు.