పాత పోలో టీఎస్ఐ: ఏడాదిన్నర సరదాగా తిప్పి, కొన్న రేటుకు దగ్గరగా అమ్ముకోవడం ఎలా?

సరదా కారు మీద నష్టపోకుండా బయటపడాలంటే ఆ పని అమ్మే రోజు కాదు, కొనే రోజే జరగాలి. 2020 నుంచి 2022 దాకా వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐ (టర్బో పెట్రోలు) మాన్యువల్‌ను తిరుపతి, చిత్తూరు రోడ్ల మీద చాలాకాలం వాడాక తేలిన విషయం ఇది. బండి ఎంత బాగుందన్నది సగం మాటే. మిగతా సగం ఆర్సీలో, టైర్లలో, నెల ఎంపికలో ఉంది.

ముందు బండి సంగతి. 999 సీసీ మూడు సిలిండర్ల టర్బో, 110 పీఎస్ శక్తి, 175 ఎన్ఎం టార్క్, ఆరు గేర్లు. ఇంజిన్ రెండు వేల ఆర్‌పీఎం లోపల మొద్దుగా ఉంటుంది. లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్‌లో రెండో గేరులో పాకేటప్పుడు హాఫ్ క్లచ్ అలవాటున్న వాళ్ల చేతిలో క్లచ్ ప్లేటు త్వరగా పోతుంది. రెండు వేలు దాటాక మాత్రం లాగుడు వేరు. చిత్తూరు వైపు ఆరు లేన్ల రోడ్డు మీద నాలుగో గేరులోనే లారీని దాటొచ్చు, గేరు దించాల్సిన పని లేదు. స్టీరింగ్ బరువు, బాడీ గట్టిదనం ఈ సైజు బండ్లలో అరుదు. మైలేజీ ఊళ్లో 11, 12. హైవేలో తొంభై దగ్గర నిలకడగా పోతే 17, 18. వెనక సీటు ఇరుకు. పెద్దవాళ్లను ముగ్గురిని కూర్చోబెట్టి కాణిపాకం తీసుకెళ్తే దారంతా మాటలు పడాలి.

తిరుమల ఘాట్ ఈ బండికి తగిన చోటేమీ కాదు. అక్కడ ఎక్కడానికి, దిగడానికి కనీస సమయం ఉంది, అంతకంటే ముందే చేరితే జరిమానా. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే ముందు చక్రాల బ్రేకు డిస్కులు కాలి వంకర తిరుగుతాయి. తర్వాత ఎనభైలో బ్రేకు నొక్కితే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. ఈ ప్రాంతంలో పాత బండి కొనేవాళ్లు ఆ వణుకును తప్పకుండా పరీక్షించాలి. మీరు ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులో దించితే వేగాన్ని ఇంజినే పట్టుకుంటుంది.

ఈ మోడలే ఎందుకంటే, పోలో ఇక్కడ 2022లో ఆగిపోయింది, ఆ సైజులో అలా నడిచే బండిని కంపెనీ మళ్లీ ఇవ్వలేదు. కొత్త బండి మొదటి మూడు నాలుగేళ్లలో పోగొట్టుకునే విలువను మొదటి ఓనరు ఇప్పటికే భరించాడు. ఇక మిగిలింది నెమ్మదిగా జారే భాగం. కొత్త హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కొంటే ఆ మొదటి దెబ్బ మీదే. 2017 నుంచి 2020 దాకా వచ్చిన మారుతి బాలెనో ఆర్ఎస్ కూడా మంచి ఎంపికే, సర్వీసు ఎక్కడైనా దొరుకుతుంది, కానీ దాని విలువ తెలిసిన కొనుగోలుదారు మన ఊళ్లో తక్కువ. ఫియట్ అబార్త్ పుంటో నడపడానికి గొప్పది, స్పేర్ల కోసం తిరగడం దానికంటే పెద్ద పని. పాత పోలో 1.2 టీఎస్ఐ ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్‌తో చవగ్గా కనిపిస్తుంది, అక్కడే జాగ్రత్త: ఆ గేర్‌బాక్సులో గేర్లు మార్చే మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్షల్లోకి పోతుంది. స్వల్పకాలానికి కొనేవాడికి ఆ ఒక్క రిస్కు లెక్కంతా తారుమారు చేస్తుంది.

రేటు గురించి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పైన ఉన్న సెస్సు పోయింది. కొత్తవి చవకైతే పాతవాటి రేటూ కిందికే వస్తుంది. అంతకుముందు రేట్లు చూపించి బేరమాడే అమ్మకందారు మాట పట్టించుకోకండి. డీలరు దగ్గర కొంటే అతని లాభం మీద కూడా 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అది చివరికి మీ రేటులోనే చేరుతుంది. నేరుగా ఓనరు దగ్గర కొంటే అది ఉండదు.

తిరుపతికి చెన్నై 140 కిలోమీటర్ల దూరంలో ఉంది, బెంగళూరు కూడా ఒక పూట ప్రయాణం. అక్కడ యాభై అరవై వేలు తక్కువకు మంచి పోలో కనిపిస్తే మనసు లాగుతుంది. లెక్క వేసి చూడండి. అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీకి (అభ్యంతరం లేదనే పత్రం) ఫారం 28, ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27, దాంతోపాటు బండి వయసును బట్టి ఆంధ్రాలో మళ్లీ లైఫ్ ట్యాక్స్. తగ్గిన సొమ్మును ఆ పన్నే మింగేస్తుంది. అక్కడి పన్ను వాపసు అడగొచ్చు, తిరిగే ఓపిక ఉండాలి. పన్నెండు నెలల లోపు అమ్మేస్తాను కాబట్టి నంబరు మార్చనవసరం లేదనే వాళ్లుంటారు. సరే, కానీ టీఎన్ నంబరుతోనే మీ పేరుకు మార్చాలంటే తమిళనాడు చిరునామా కావాలి. పేరు మార్చకుండా తిప్పడం ఇద్దరికీ ప్రమాదం. కాబట్టి ఏపీ 39 నంబరు బండి పది రోజులు ఆలస్యంగా దొరికినా అదే మేలు.

చెన్నై బండిలో ఇంకో గొడవ వరద. 2023 డిసెంబరు వరదల్లో మునిగిన బండ్లు మెరుగు పెట్టుకుని ఇటు వస్తాయి. తిరుపతి కూడా 2021 నవంబరులో మునిగింది. సీటు బెల్టును చివరిదాకా లాగండి, బురద గీత కనిపిస్తే అక్కడితో ఆపేయండి. స్టెప్నీ గుంత, కార్పెట్ కింద తడి, సీటు కింది వైర్ల కనెక్టర్లలో పచ్చటి తుప్పు చూడండి.

ఇక్కడి బండ్లకు ప్రత్యేకంగా ఇంకో తనిఖీ ఉంది. శేషాచలం చుట్టుపక్కల వేగంగా పోయే బండ్లు ఎర్రచందనం కేసుల్లో ఇరుక్కోవడం తెలిసిందే. ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో బ్లాక్‌లిస్టు, పెండింగ్ చలాన్లు, హైపోథికేషన్ (బండి మీద లోను) చూడకుండా టోకెన్ అడ్వాన్సు ఇవ్వొద్దు. లోను ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే మిగతా డబ్బు.

రెండు వేల రూపాయలు ఇచ్చి పెయింట్ మందం కొలిచే మీటరు ఉన్న మనిషిని తీసుకెళ్లడం వృథా కాదు. కంపెనీ పెయింట్ సుమారు 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే మళ్లీ పెయింట్ వేశారు, 300 పైన ఉంటే కింద పుట్టీ ఉంది. డోరు గీతకు వేసిన పెయింటు పెద్ద విషయం కాదు. పైకప్పు, పిల్లర్ల మీద వేసి ఉంటే వదిలేయండి. స్కానర్ పెట్టించి రీమ్యాప్ (శక్తి పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేశారో లేదో కూడా అడగండి. టర్బో కదా, కుర్రాళ్లు ఊరికే ఉంచరు. రీమ్యాప్ బండి మీకు నచ్చొచ్చు, మీ దగ్గర కొనేవాళ్లలో చాలామందికి నచ్చదు. మీరూ ఏమైనా మారిస్తే అసలు భాగాలు అట్టపెట్టెలో దాచండి.

బేరంలో పదివేలు తగ్గించడం కంటే టైర్లు చూడటం లాభం. హైలైన్ ప్లస్ వేరియంట్‌కు 195/55 ఆర్16 సైజు టైర్లు, నాలుగు మారిస్తే ముప్పై వేలు సులభంగా దాటుతుంది. పక్కన ముద్రించిన నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. గాడి ఉన్నా ఐదేళ్లు దాటిన రబ్బరు మన ఎండకు రాయి అవుతుంది. లెక్క కోసం ఏడు లక్షలకు కొని ఆరు ఎనభైకి అమ్మారనుకోండి. ఇరవై వేలే పోయినట్టు కనిపిస్తుంది. టైర్లు, బ్యాటరీ, రెండు సర్వీసులు, ఇన్సూరెన్సు కలిపితే అసలు నష్టం లక్ష పక్కకు వస్తుంది. పాత కారు లోను వడ్డీ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఈ ఆట సొంత డబ్బుతో ఆడేవాళ్లకే.

ఇన్సూరెన్సులో నో క్లెయిమ్ బోనస్ మనిషిదే, బండిది కాదు. అమ్మినవాడి యాభై శాతం మీకు రాదు, ఆ తేడా కంపెనీకి కట్టాలి. మీరు అమ్మేటప్పుడు మీ బోనస్‌కు లేఖ తీసుకుంటే మూడేళ్ల లోపు తర్వాతి బండికి వాడుకోవచ్చు. ఈ లేఖ అడిగేవాళ్లు తక్కువ, వదులుకునేది మాత్రం వేలల్లో.

వాడేటప్పుడు విలువను తినేది బోరు నీళ్లు. ఎండలో కడిగి ఆరనిస్తే ఉప్పు మచ్చలు పెయింటు పైనుండే క్లియర్ కోటులోకి దిగుతాయి. నీడలో కడిగి వెంటనే గుడ్డతో తుడవాలి. అలిపిరిలోనో కాణిపాకంలోనో పూజ చేయిస్తే పసుపు, కుంకుమ ఆ సాయంత్రానికే తీసేయండి, దేవుడేమీ అనుకోడు. కొండ మీద కోతుల చేతికి చిక్కకుండా పైకప్పు యాంటెనా విప్పి లోపల పెట్టుకోవచ్చు. సీటు కవర్లు, స్పీకర్ల మీద పెట్టిన రూపాయి తిరిగి రాదు. ఏడాదికో పదిహేను వేల కిలోమీటర్లకో బిల్లుతో చేయించిన సర్వీసు ఒక్కటే బేరంలో పనికొస్తుంది.

కొనడానికి ఆషాఢం మంచి కాలం. సెంటిమెంటు ఉన్నవాళ్లు ఆగిపోతారు, అమ్మేవాడు మెత్తబడతాడు. అమ్మడానికి దసరా ముందు, ఉగాది ముందు. డిసెంబరు దాటనివ్వకండి, జనవరి ఒకటిన బండి వయసు కాగితం మీద ఒక ఏడాది పెరుగుతుంది.

డబ్బు బ్యాంకులోనే తీసుకోండి. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం అంతే మొత్తం జరిమానా పడొచ్చు. పేరు మార్పిడికి ఫారం 29, 30 ఇద్దరి సంతకాలతో ఆన్‌లైన్‌లో పెట్టించి, పేరు మారే వరకు వెంటపడండి. 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఆర్సీలో పేరున్నవాడే ప్రమాదానికి బాధ్యుడు. డెలివరీ లేఖలో తేదీతోపాటు సమయం కూడా రాయించండి. తాళం ఇచ్చే ముందు అద్దం మీది ఫాస్టాగ్‌ను బ్యాంకులో మూసివేయించండి, లేకపోతే వాళ్లు టోలు దాటిన ప్రతిసారీ డబ్బు కట్ అయ్యేది మీ ఖాతాలోనే.