చక్కెర నీళ్ళకు కదలని టీడీఎస్ మీటరు

పరకాల దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్త. హన్మకొండ చౌరస్తా దగ్గరి షాపులో 250 రూపాయలకు నీళ్ళల్ల మొత్తం ఎంత కరిగి ఉందో (టీడీఎస్) చూపిస్తదని అమ్మే ఈ పెన్ను లాంటి మీటరు కొన్న. "అంకె తక్కువుంటే మంచినీళ్ళు, ఎక్కువుంటే చెడ్డయి. గంతే మేడం" అన్నడు షాపాయన. అది తప్పు. ఇది రాస్తున్నదే అందుకు.

తొమ్మిదో తరగతిలో రెండు గ్లాసుల ప్లాంటు నీళ్ళు పెట్టిన. రెండిట్లోనూ 48 చూపింది. ఒకదాంట్ల చెంచాడు చక్కెర కలిపితే అంకె అక్కడ్నే ఉంది. ఇంకోదాంట్ల చిటికెడు ఉప్పు వేస్తే వెయ్యి దాటింది. "చక్కెరే ఎక్కువేసినం గద మేడం!" అన్నది ముందు బెంచి పిల్ల. ఆ ఒక్క మాటకే నా 250 వచ్చేసినయి. చక్కెర కరిగినా దాని అణువు అట్లనే ఉంటది, దానికి విద్యుదావేశం లేదు. ఉప్పు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా, అంటే విద్యుదావేశమున్న కణాలుగా, విడిపోతది. మీటరు కొనకున్న ఎలక్ట్రోడ్ల (చిన్న లోహపు ముక్కల) నడుమ ఆ అయాన్ల కదలికే కరెంటు. పొడి ఉప్పులోనూ అవే అయాన్లున్నా స్ఫటికంలో బిగుసుకొని కదలవు. నీళ్ళల్ల కరిగితేనో, 801 డిగ్రీల సెల్సియస్ వేడికి ద్రవమైతేనో వాటికి దారి దొరుకుతది. రాగితీగ సంగతి వేరు, అక్కడ తిరిగేటివి ఎలక్ట్రాన్లు.

అంటే ఈ మీటరు నీళ్ళల్ల కరిగినవాటిని తూచదు. కరెంటు ఎంత పారుతుందో చూసి, దాన్ని సుమారు సగం చేసి పీపీఎం (పది లక్షల భాగాల్ల ఎన్ని భాగాలు) అని చూపిస్తది. జనగామ వైపు మా అమ్మగారి ఊర్లె ఫ్లోరైడ్‌తో పళ్ళు గారపట్టినోళ్ళను చిన్నప్పటి నుంచి చూసిన. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినా చాలు, ఫ్లోరైడ్ ప్రమాదం. బోరు నీళ్ళకు 400 చూపిస్తే అందులో ఫ్లోరైడ్ ఎంతో ఈ పెన్ను చెప్పలేదు. క్రిములనైతే అసలే పట్టదు. తాగేనీళ్ళకు చెప్పే 500 హద్దు లోపుందని ధైర్యంగా తాగకండి, ల్యాబులో పరీక్ష చేయించండి. ఇంట్ల ఆర్‌ఓ ఫిల్టరు పాడవుతుందేమో చూసుకోవడానికి మాత్రం పనికొస్తది.

మూత వదులు, బ్యాగులో ఊడిపోతది. ఉప్పునీళ్ళల్ల ముంచినాక కడగకపోతే తర్వాతి అంకె తప్పొస్తది. అంకెను ఆపిపెట్టే హోల్డ్ బటన్ మాత్రం బాగుంది, వెనక బెంచీల దాకా తీసుకపోయి చూపించొచ్చు.

రేపు చింతపండు రసం, నిమ్మరసం తెస్తమన్నరు పిల్లలు.